మూల నుంచి మూలకు ఒక గీత

రాయదుర్గంలో ఏడంతస్తుల అద్దాల మేడ. అందులో నాలుగో అంతస్తు, కిటికీ పక్కన మూడో బల్ల. ఆ బల్ల దగ్గర కూర్చునే మనిషి పేరు ఇశ్రాయేలు. వయసు యాభై మూడు. చుట్టూ కూర్చున్న నలభై మందిలో చాలామంది ఆయన కూతురి ఈడువాళ్లు. బీటెక్కులూ ఎంసీఏలూ చదివిన ఆ నలభై మందికీ రాని విద్య ఒకటి ఆయనకు వచ్చు. ఇంగ్లండు ముసలివాళ్ల చేతిరాత చదవడం.

నవ్వకండి. ఆ విద్య మీదే ఎనిమిదేళ్లు ఆయన ఇల్లు నడిచింది. సంగారెడ్డి అవతల మిషన్ బడిలో ఇరవయ్యేళ్లు ఇంగ్లీషు చెప్పి, బడి మూతపడ్డాక రోడ్డున పడ్డ మనిషి. ఎవరో చెబితే ఈ కంపెనీ పరీక్షకు వచ్చాడు. ఒక కాగితం చేతికిచ్చి చదవమన్నారు. వణికే చేత్తో ఎవరో తాత రాసిన రాత, అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. ముందు వచ్చిన పదిమందీ తలలు గోక్కుని వెళ్లిపోయారట. ఈయన గడగడా చదివేశాడు. ఆయనకు రాత నేర్పిన దొరసాని టీచరు రాతా ముసలితనంలో అచ్చం అలాగే ఉండేది మరి.

పనేమిటంటే, ఇంగ్లండులో ఎవరు ఏ రేడియో ఎంతసేపు వింటున్నారో తెలుసుకునే సర్వే. ఎంచుకున్న ఇళ్లకు మూడు నెలలకొకసారి ఒక చిన్న డైరీ ఇస్తారు. వారం రోజులు, రోజుకో పేజీ, పావుగంటకో గడి. రేడియో విన్న పావుగంటల ఎదుట టిక్కు పెట్టి, స్టేషన్ పేరు రాయాలి. ఆ పేజీల ఫోటోలు రాయదుర్గం వస్తాయి. ఒకే పేజీని ఇద్దరు వేర్వేరుగా కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. ఇద్దరి లెక్కా కలిస్తే గొడవ లేదు. కలవకపోతే పేజీ మూడో మనిషి దగ్గరికి వెళ్తుంది. ఆ మూడో మనిషి ఇశ్రాయేలు. ఆయన చెప్పిందే ఆఖరు.

ఎన్నడూ విమానం ఎక్కని ఆ మనిషికి ఇంగ్లండు వీధుల్లో రేడియో ఎలా మారిపోతోందో ఈ గళ్లలోంచే తెలిసింది. మొదట్లో ఊరికో స్టేషన్ పేరు కనిపించేది. పోనుపోనూ పది ఊళ్ల డైరీల్లో ఒకటే పేరు రావడం మొదలైంది. చిన్న స్టేషన్లను పెద్దవి కొనేసుకుంటున్నాయని అర్థమైంది. తర్వాత పేజీలో కొత్త గళ్లు పుట్టాయి. టీవీలో విన్నారా, కంప్యూటర్లో విన్నారా, ఫోన్లో విన్నారా అని. కుర్రవాళ్ల డైరీలు సగం ఖాళీగా రాసాగాయి. ముసలివాళ్ల డైరీలు మాత్రం పొద్దున అయిదున్నర నుంచి నిండుగా ఉండేవి.

ఆయనకు రేడియో అంటే వట్టి ఉద్యోగం కాదు. తండ్రి మిషన్ దవాఖానలో కాంపౌండరు. ఆ ఇంట్లో షార్ట్‌వేవ్ మీద లండన్ వార్తలు వింటూనే ఆయనకు ఇంగ్లీషు నోరు తిరిగింది. రెండువేల పదకొండు మొదట్లో బీబీసీ షార్ట్‌వేవ్ ప్రసారాలు చాలావరకు తగ్గించేసింది. హిందీ అయితే మొత్తమే ఆపేస్తామన్నారు, గోల లేచాక ఒక గంట మిగిల్చారు. లింగంపల్లిలో కిరాయింటి కిటికీలో పెట్టుకున్న సెట్టు గరగరమంటుంటే ఇశ్రాయేలు ముల్లు తిప్పీ తిప్పీ విసిగిపోయేవాడు. ఇంట్లో మనిషి ఎవరో చెప్పాపెట్టకుండా వెళ్లిపోయినట్టు ఉందని భార్యతో అన్నాడు. భార్య మార్తమ్మ సర్కారు బడిలో టీచరు. ఆమె చాటలో బియ్యం ఏరుతూ, ఫోన్లో వస్తదట కదా, గది వినరాదు అంది. ఆయన వినలేదు. అలిగాడు, ఒక దేశం రేడియో మీద.

డైరీల్లో మనుషుల పేర్లుండవు, ఇంటి నంబరు మాత్రమే ఉంటుంది. నాలుగు వేల నాలుగువందల పదిహేడో నంబరు ఇంట్లో ఒక ముసలావిడ ఉంది. మూడు నెలలకొకసారి ఆవిడ డైరీ వచ్చేది. గళ్లు నింపడంతో ఆగేది కాదు, మార్జిన్లో ఉత్తరం ముక్కలు రాసేది. ఈ పాట మా ఆయనకు ఇష్టమనీ, ఈ రోజు వాన వల్ల సరిగా వినపడలేదనీ. మార్జిన్లో రాసింది ఎక్కించవద్దని రూలు. ఇశ్రాయేలు ఎక్కించేవాడు కాదు, చదివేవాడు. ఆ సంగతి ఆఫీసంతా తెలుసు. రసజ్ఞ అనే అమ్మాయి, నరసాపురం నుంచి వచ్చి రెండేళ్లయింది, ఆ పేజీ కనబడగానే మాస్టారూ మీ మామ్మగారు వచ్చారండి అనేది. ఆ ఏడాది జూన్ డైరీలో మామ్మగారు ఇలా రాసింది. మా ఊరి మీడియంవేవ్ స్టేషన్ మూసేస్తారట, నాకిక వినడానికి ఏముంటుంది. ఆ వాక్యం చదివి ఇశ్రాయేలుకు ఆ పూట అన్నం సయించలేదు. అటు ఆమె, ఇటు తాను, ఇద్దరినీ ఒక్కలాగే వదిలేశారనిపించింది.

సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. బళ్లు మూతపడ్డాయి. మార్తమ్మ జీతం మాట మరిచి లింగంపల్లి చౌరస్తా దీక్షా శిబిరంలో కూర్చుంది. రోజూ పొద్దున మెడలో గులాబీ కండువా వేసుకుని వెళ్లేది, సాయంత్రం గొంతు బొంగురుపోయి వచ్చేది. ఇశ్రాయేలు మనసూ అక్కడే ఉంది. కాని ప్రైవేటు నౌకరీకి సమ్మె లేదు, కూతురు ఏంజెల్ నర్సింగు ఆఖరి ఏడాది ఫీజుకు వాయిదా కూడా లేదు. అయ్యవారు ఇంగ్లండోళ్ల పాటల లెక్కలు రాస్తుండంట కదా అని శిబిరంలో తోటి టీచర్లు ఆటపట్టిస్తే మార్తమ్మ నవ్వి ఊరుకునేది. ఒక్క మాటకు మాత్రం ఊరుకునేది కాదు. సమ్మె వల్ల హైటెక్ సిటీ కంపెనీలు లేచిపోతాయని టీవీలో ఎవరో ఒకరు రోజూ అంటుండేవారు. అప్పుడు ఆమె లేచి నిలబడి మైకు అందుకునేది. “ఎన్నో పోతయంటరు. ఒక్కటి, ఒక్క కంపెనీ పేరు చెప్పుండ్రి,” అనేది. శిబిరమంతా చప్పట్లు కొట్టేది.

రైలు రోకో మూడు రోజులూ ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూడా నడవలేదు. డైరీలు గుట్టపడ్డాయి, గడువు దగ్గరపడింది. ఇశ్రాయేలు పొద్దున ఆరింటికి బయల్దేరి లింగంపల్లి నుంచి యూనివర్సిటీ గోడ వెంబడి గచ్చిబౌలి మీదుగా రాయదుర్గం దాకా నడిచాడు. మూడు రోజులూ నడిచాడు, మూడు రోజులూ నడిచే వెనక్కి వచ్చాడు. మార్తమ్మ ఆయన అరికాళ్లకు కొబ్బరినూనె రాసింది.

ఆ మూడు రోజుల్లో రెండో రోజున మామ్మగారి డైరీ వచ్చింది. స్టేషన్ పేరు మొదటి పేజీలో వంకరటింకరగా ఉంది. ఆ తర్వాత ఒక్క టిక్కూ లేదు. మార్జిన్లో ఒక్క మాట లేదు. ఏడు పేజీల మీదా పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు ఒక గీత, వణుకుతూ, ఏటవాలుగా. రసజ్ఞ దాన్ని రోజంతా విన్నట్టు ఎక్కించింది. రెండో మనిషి ఖాళీగా ఎక్కించాడు. పేజీ ఇశ్రాయేలు ముందుకు వచ్చింది. రసజ్ఞ లెక్క మీద కంప్యూటరే ఎర్రగా హెచ్చరిక వేసింది. ఇరవైనాలుగు గంటలూ వినడం అసంభవం, సరిచూడండి అని.

గీత మీద కంపెనీ పుస్తకంలో ఒక రూలుంది. గళ్ల వెంబడి పైనుంచి కిందికి నిలువుగా గీస్తే అంతసేపూ విన్నట్టు. కాని ఇది నిలువు గీత కాదు. ఇలాంటి గీత ఇశ్రాయేలుకు బాగా తెలుసు. ఇరవయ్యేళ్లు పరీక్ష హాళ్లలో తిరిగినవాడు. జవాబు పత్రంలో రాయగా మిగిలిన తెల్ల పేజీల మీద మూల నుంచి మూలకు గీత కొట్టకపోతే పిల్లలను కదలనిచ్చేవాడు కాదు. ఇక్కడ ఏమీ లేదు, తర్వాత ఎవరూ ఏమీ చేర్చకూడదు అని ఆ గీతకు అర్థం. తెలుగు బడిలో చదివిన ఎవరినైనా అడగండి, అదే చెబుతారు. రసజ్ఞను పిలిచి చూపించాడు. “పేరైతే రాసింది గని, ఖాళీ అని కొట్టేసింది అమ్మా. ఆమె స్టేషన్ మూసిండ్రు కదా, ఇగ ఆమె వినుడు బంద్ చేసింది,” అన్నాడు. రసజ్ఞ పేజీ వంక ఒక్క క్షణం చూసి, అలాగేనండి అంది. ఆయన ఏడు రోజులూ సున్నా కొట్టాడు. ఆ గుట్టలో అలాంటి గీతలున్న డైరీలు మరో పది కనబడ్డాయి. అన్నింటికీ అదే తీర్పు.

సమ్మె నెల దాటింది. ఒక మధ్యాహ్నం మేనేజర్ విశ్వేశ్వరరావు ఇశ్రాయేలును అద్దాల గదిలోకి పిలిచాడు. విశ్వేశ్వరరావుది తణుకు, మణికొండలో ఫ్లాటు. చెడ్డవాడేం కాదు. ఆ నెలలో ఆయనకూ సరిగా నిద్ర లేదు. ఇక్కడ ఉండాలో వెళ్లాలో తెలియని ఇంట్లో ఎవరికి నిద్ర పడుతుంది.

ఇంగ్లండు ఆఫీసువాళ్లు నూటికి అయిదు ఇళ్లకు ఫోన్ చేసి డైరీ సరిచూసుకుంటారట. నాలుగు వేల నాలుగువందల పదిహేడుకు చేస్తే, చూసుకునే నర్సు ఫోన్ ఎత్తి, ముసలావిడ మంచం పట్టిందనీ, రేడియో పగలూ రాత్రీ మోగుతూనే ఉంటుందనీ, ఆపితే ఆవిడ భయపడుతుందనీ చెప్పిందట. పావుగంటకో టిక్కు పెట్టే ఓపిక లేక పేజీకి ఒక గీత గీసింది. ఊళ్లో స్టేషన్ పోతే మరో స్టేషన్ పట్టుకుంది. వాళ్లు వెనక్కి వెళ్లి వెతికితే పదకొండు డైరీలు తేలాయి. అందరూ ముసలివాళ్లే, చేతులు సాగనివాళ్లే. పదకొండింటి కిందా ఇశ్రాయేలు ఉద్యోగి నంబరే ఉంది.

ఇశ్రాయేలుకు ఉద్యోగం గురించిన భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆ ముసలావిడ. మంచంలో పడి ఏడు రోజులు ఒక్క నిమిషం వదలకుండా విన్న మనిషిని, అసలు వినలేదని తాను రాశాడు.

విశ్వేశ్వరరావు ఒక కాగితం ముందుకు జరిపాడు. సమ్మె కారణంగా రైళ్లూ బస్సులూ లేక అనుభవమున్న సిబ్బంది ఆ మూడు రోజులు హాజరు కాలేకపోయారు, తాత్కాలిక సిబ్బంది సరిచూడడంలో పొరపాటు జరిగింది, అని అందులో ఉంది. కింద ఇశ్రాయేలు పేరు, సంతకానికి చోటు.

“పెద్ద అబద్ధం ఏమీ ఆడమనడం లేదండి. రైళ్లు లేవు, బస్సులు లేవు. నిజమే కదా,” అన్నాడు విశ్వేశ్వరరావు.

“నిజమే సార్. కాని నేనొచ్చిన కద.”

“వచ్చారని వాళ్లకు తెలియదు కదా మాస్టారూ. గొడవలున్నాయంటే అర్థం చేసుకుంటారు. మీకే పని రాదంటే రేపే మిమ్మల్ని తీసెయ్యమంటారు, కాంట్రాక్టూ పోతుంది. ఇంట్లో మీ ఒక్కరి జీతమే కదండీ ఇప్పుడు.”

అద్దం అవతల రసజ్ఞ తల వంచుకుని పని చేసుకుంటోంది. మొదట సరిగా ఎక్కించింది తానేనని ఆ అమ్మాయి ఎవరితోనూ అనలేదు. అని ఉంటే ఇశ్రాయేలుకు కాస్త తేలికగా ఉండేది. ఆయన సంతకం పెట్టాడు. దొరసాని టీచరు నేర్పిన రాతలో, ఎప్పటిలాగే అందంగా వచ్చింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి మార్తమ్మ నేల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఇశ్రాయేలు పాత నోటుబుక్కు తెరిచి, గళ్లు గీసి, మూల నుంచి మూలకు ఒక గీత కొట్టి ఆమె ముందు పెట్టాడు.

“గిదేంది చెప్పు,” అన్నాడు.

ఆమె తలెత్తకుండానే చూసింది. “ఏముంది. ఖాళీ. కొట్టేసిండ్రు,” అంది.

ఇశ్రాయేలు నవ్వాడు. నవ్వు మధ్యలో కళ్లు తడిశాయి. మార్తమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. ఆయన జరిగిందంతా చెప్పాడు. పదకొండు డైరీలు చెప్పాడు, మంచం పట్టిన ముసలావిడను చెప్పాడు, చివరికి కాగితం సంగతీ చెప్పాడు. కాగితం దగ్గరికి వచ్చేసరికి ఆమె మొహం మారింది. ఆమె అరుస్తుందనుకున్నాడు. అరవడానికి గొంతు లేదో, మనసే లేదో.

“తప్పు చదివినవు, అది ఎవరికైనా అయితది. నేనైనా గట్లనే చదువుదును,” అంది. “కాని నువ్వు నడిచి పోయినవు. నీ కాళ్లకు నేనే నూనె రాసిన. రాలేదని ఎట్ల రాసినవు? నెల రోజుల సంది మైకుల అడుగుతున్న, ఒక్క కంపెనీ పేరు చెప్పుండ్రని. రేపటి సంది నేను ఏమని అడగాలె?”

ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆమె ముందు అంత చిన్నబోయిన రోజు లేదు. మర్నాడు పొద్దున ఆమె టిఫిన్ డబ్బా కట్టిచ్చింది, కండువా వేసుకుని శిబిరానికి పోయింది. ఆ రోజు మైకు అందుకోలేదని తర్వాత ఎవరో చెప్పారు.

ఇశ్రాయేలు ఆఫీసుకు వెళ్లగానే కాగితం వెనక్కి అడిగాడు. నిన్న సాయంత్రమే పంపేశానన్నాడు విశ్వేశ్వరరావు. ఇశ్రాయేలు తన బల్ల దగ్గరికి వచ్చి, ఇంగ్లండు ఆఫీసుకు నేరుగా ఒక ఉత్తరం కొట్టాడు. ఆయన జీవితంలో రాసిన ఇంగ్లీషంతటిలోకీ అదే మంచి ఇంగ్లీషు. పదకొండు నంబర్లూ వరుసగా ఇచ్చాడు. మా బళ్లలో ఏటవాలు గీతకు ఖాళీ అని అర్థం, మీ ముసలివాళ్లకు అర్థం వేరని నాకు తోచలేదు, తప్పు నాది అన్నాడు. మొదట ఎక్కించిన అమ్మాయి సరిగానే ఎక్కించింది, నేనే మార్పించాను అన్నాడు. సమ్మెకు దీనితో సంబంధం లేదు, ఆ మూడు రోజులూ నేను నడిచి వచ్చి నా బల్ల దగ్గరే కూర్చున్నాను, నిన్నటి సంతకం అబద్ధం అన్నాడు. విశ్వేశ్వరరావుకూ ఒక ప్రతి పెట్టి, పంపేశాడు.

విశ్వేశ్వరరావు చదువుకుని బయటికి వచ్చాడు. కోపం కంటే అలసటే కనబడింది ఆయన మొహంలో. “మీరు మంచివారు మాస్టారూ. మంచివాళ్లతో ఉద్యోగం చెయ్యడం చాలా కష్టమండి,” అన్నాడు. ఆ సాయంత్రమే ఇశ్రాయేలును మూడో మనిషి బల్ల నుంచి తీసి గోడవైపు మామూలు వరుసలో కూర్చోబెట్టారు. కిటికీ పక్క బల్ల రసజ్ఞకు ఇచ్చారు. ఆ అమ్మాయి నాలుగు రోజులు ఆయన మొహం చూడలేకపోయింది.

ఇంగ్లండు నుంచి జవాబు వారానికి వచ్చింది. నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు. ఆ మూడు నెలల లెక్కలు ముగిసిపోయాయి కనుక పదకొండు డైరీలను ఇక సవరించడం కుదరదు. కొత్త సంవత్సరం నుంచి శ్రోతలే కంప్యూటర్లో టిక్కులు పెట్టుకుంటారు, కాగితం డైరీలు ఎక్కించే పని డిసెంబరుతో ఆఖరు. ఈ నిర్ణయం ఆరు నెలల కిందటే జరిగిందని కూడా రాశారు. అంటే ఇశ్రాయేలు తప్పు వల్ల కాదు, సమ్మె వల్ల కాదు. అబద్ధం ఆడినా ఆడకపోయినా ఆ అంతస్తు ఖాళీ అయ్యేదే.

ఆ ఉత్తరాన్ని ఆయన మార్తమ్మకు చదివి వినిపించాడు. అప్పటికి సమ్మె విరమించారు. తెలంగాణ రాలేదు. ఆమె బడికి పోతోంది, సమ్మె రోజుల పాఠాలు పూర్తి చెయ్యడానికి ఆదివారాలు కూడా. అంతా విని, మంచిగ రాసినవు అంది. ఈ వయసులో చేతిరాత చదివే పని ఇంకెక్కడ దొరుకుతుందని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

డిసెంబరు ఆఖరి వారంలో చివరి గుట్ట వచ్చింది. అప్పటికే సగం బల్లలు ఖాళీ. మధ్యాహ్నం టీ తర్వాత ఇశ్రాయేలు తెర మీదికి ఒక పేజీ వచ్చి పడింది. నాలుగు వేల నాలుగువందల పదిహేడు. అది మామూలుగా ఆయనకు రావలసిన పేజీ కాదు. కిటికీ వైపు చూస్తే రసజ్ఞ చూపు తిప్పుకుంది.

ఏడు పేజీలు, ఏడు ఏటవాలు గీతలు. ఈసారి వణుకు ఇంకా ఎక్కువగా ఉంది. మొదటి పేజీ మార్జిన్లో చాలాకాలానికి మళ్లీ రాత. ఒక్కొక్క అక్షరం విడిగా, ఒక్కోటి ఒక్కో దిక్కుకు. ఆ గదిలో ఇంకెవరూ చదవలేరు. ఇశ్రాయేలు చదివాడు. విన్నానా అని ఫోన్ చేసి అడిగారు, నేను వింటూనే ఉన్నాను, గీత గీస్తే సరిపోతుందనుకున్నాను, అని రాసింది.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మొదలుపెట్టాడు. మొదటి గడిలో విన్నట్టు కొట్టి మిగతావాటికి ఒక్క నొక్కుతో దించేసే వీలుంది. ఆయన అలా చెయ్యలేదు. సోమవారం మొదటి పావుగంట, రెండో పావుగంట, మూడో పావుగంట. ఒక్కొక్కటే నొక్కుతూ పోయాడు. రసజ్ఞ లేచి వచ్చి వెనక నిలబడింది. కాపీ కొట్టుకోవచ్చు కదండీ అని మెల్లిగా అంది.

“తెలుసమ్మా,” అన్నాడు ఇశ్రాయేలు, చెయ్యి ఆపకుండా.

మొత్తం ఆరువందల డెబ్భై రెండు గళ్లు. ఆదివారం ఆఖరి పావుగంట నిండేసరికి కంప్యూటర్ ఎర్రగా వెలిగింది. ఇరవైనాలుగు గంటలూ వినడం అసంభవం, సరిచూడండి. అవును అని నొక్కే అధికారం ఇప్పుడు ఇశ్రాయేలుకు లేదు. ఆయన కుర్చీ వెనక్కి జరిపి చోటిచ్చాడు. రసజ్ఞ ముందుకు వంగి, తన నంబరు కొట్టి, అవును అని నొక్కింది.